మా మాట: ఇంటికి వచ్చిన కచేరీ

నాగార్జునసాగరము ఎడమకాలువ క్రింది వరిపొలముల నడుమనున్న హుజూర్‌నగరు వంటి యూళ్లలోనుండియు సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు వనితలు నేడు కలరు. 2020వ సంవత్సరమున కోవిడు వ్యాధి ప్రబలి హైదరాబాదు కార్యాలయములు మూతపడగా, కచేరీయే ఇంటికి నడచి వచ్చినది. ఇట్టివారికి కచేరీ యనగా నాలుగు గోడలు కావు. తోడివారితో సందేశములు నడపు చాట్ సాధనమే. స్లాక్ 2014లోను, మైక్రోసాఫ్టువారి టీమ్స్ 2017లోను ఎల్లరకు అందినవి. జులిప్, మాటర్‌మోస్ట్ అనువానిని సంస్థ తన సర్వరునందే నిలుపుకొనవచ్చును. వీనిలో నొకదానిని వెలనుబట్టి మాత్రమే యెన్నుకొనుట చాలదని మా యభిప్రాయము.

మొదటిది, క్రమము. పసిబిడ్డకు పాలిచ్చి వచ్చిన తల్లికి నూఱు సందేశములు కలగాపులగముగా నెదురైనచో, ఏ నిర్ణయము జరిగినదో తెలియుట దుర్లభము. జులిప్‌నందు సంభాషణకు అంశము పేరు పెట్టుట వాడుక. స్లాక్, టీమ్స్‌లందు సందేశము క్రిందనే ప్రత్యుత్తరములను చేర్చు వీలు గలదు. అయినను, టీబల్లవద్ద తేల్చిన మాటను సైతము వ్రాతలో పెట్టు నియమము లేనిచో ఏ సాధనమును అక్కఱకు రాదు.

రెండవది, పాత మాట నిలుచు కాలము. స్లాక్ ఉచిత పద్ధతిలో 2022 సెప్టెంబరునుండి కడచిన 90 దినముల సందేశములే కనబడుచున్నవి. ఇది పనికే కాదు, మానమునకు సంబంధించిన విషయము. పనిచోట లైంగిక వేధింపును గూర్చిన 2013వ సంవత్సరపు చట్టము ప్రకారము మూడు నెలలలో ఫిర్యాదు వ్రాసి యియ్యవలయును. తగు కారణమున్నచో మఱి మూడు నెలల గడువు దొరకవచ్చును. ఆ గడువు తీఱకమునుపే సాక్ష్యము కనుమఱుగైనచో నామె గతి యేమి? కావున అనుచిత సందేశము వచ్చిన నాడే స్క్రీన్‌షాటు తీసి భద్రపఱచుకొనవలయును. పదిమందియు నంతకు మించియు నుద్యోగులున్న చోట అంతర్గత కమిటీకిని, తక్కువైనచో జిల్లాయందలి స్థానిక కమిటీకిని ఫిర్యాదు చేయవచ్చును.

మూడవది, సాధనము మూతపడినచో మన వ్రాతలు మనకు దక్కునా యనునది. ఎందఱో వాడిన హిప్‌చాట్ సేవ 2019 ఫిబ్రవరిలో ముగిసినది. నాల్గవది, నిశ్శబ్దము. రాత్రివేళ గంట మ్రోగకుండ నాపు మీట సాధనమున నున్నది. దానిని నొక్కినందుకు నిష్ఠురమాడకుండుట పెద్దల పని.

సాధనము నెన్నువారు తఱచుగా కార్యాలయముననే కూర్చుండువారు. దూరముననున్న సోదరి యడుగనిచో ఆమె యిక్కట్టు వారికి తోచదు. ఎన్నిక ముగియకమునుపే ఈ నాలుగు ప్రశ్నలను వ్రాసి పంపుడని మా మనవి.