పరామర్శలు – పసిమనస్సులు

చేబ్రోలు ప్రాంతమున బిడ్డకు కాలు విఱిగినను, కఠినవ్యాధి సోకినను తల్లిదండ్రులు గుంటూరు ప్రభుత్వాసుపత్రికి పరుగెత్తుదురు. అచట వైద్యులు తమ పని తాము చేయుదురు. ఇంటికి వచ్చిన పిమ్మట బంధుమిత్రులు పరామర్శకు వత్తురు. మంచముచుట్టును కూర్చుండి, బిడ్డ వినుచుండగానే, “ఏ జన్మమున జేసిన పాపమో!” యని నిట్టూర్తురు. ఆ మాట చేయు గాయమునకు కట్టు కట్టువారెవ్వరు?

తమకు వచ్చిన జబ్బు తాము చేసిన అల్లరికి శిక్ష యని పసివారు పలువురు తలతురని శిశుమనస్తత్వమును పరిశీలించినవారు చాలకాలముగా చెప్పుచున్నారు. మాట విననందుకే అమ్మ తన్ను సూదులకు అప్పగించినదని బిడ్డ లోలోన కుములును. పెరిగిన బిడ్డ మరల పక్క తడుపుట, ముద్దుమాటలకు దిగుట, తల్లికొంగు విడువకుండుట మొండితనమని కసరుదుము, అవి భయలక్షణములు. అట్టి బిడ్డకు మన నిట్టూర్పు న్యాయస్థానపు తీర్పువలె వినబడును.

కర్మసిద్ధాంతమును విడువుడని మేము చెప్పుటలేదు. పెద్దలకది ఊరట కావచ్చును. ఆ ఊరటను బిడ్డ నెత్తిన బరువుగా మోపు హక్కు మాత్రము ఎవ్వరికిని లేదు.

ఆసుపత్రిలో తల్లికి దూరమైన రెండేండ్ల బాలిక వేదనను 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ ఇంగ్లండున చలనచిత్రముగా దీసి చూపెను. తల్లిదండ్రులను బిడ్డలయొద్దకు నిరాటంకముగా రానీయవలెనని 1959లో అచటి ప్లాట్ సంఘము సిఫారసు చేసెను. మన ప్రభుత్వాసుపత్రులలో తల్లి మంచముప్రక్కనే చాపపై పరుండుట సామాన్యము. అయితే ఆ తల్లియే “సూది వేయరులే” యని బొంకినచో, మరునాడు బిడ్డ ఎవ్వరి మాట నమ్మును?

చేయవలసినది కష్టమైనది గాదు. నొప్పి కలుగునని, పిదప తగ్గునని నిజము చెప్పుడు. “ఇది నీ తప్పు గాదు” అని అడుగకముందే చెప్పుడు. మంచముమీదనే పలకను, బొమ్మలను ఉంచుడు. బొమ్మకు సూది వేయుచు బిడ్డ తన భయమును తానే తీర్చుకొనును. తోడబుట్టినవారిని దూరముగా నెట్టకుడు. మరల బడికి వచ్చునాటికి ఉపాధ్యాయుడు తరగతి పిల్లలకు ముందుగా నచ్చజెప్పవలెను.

2014లో మన దేశము పోలియోరహితమని ధ్రువీకరింపబడినది. పేరుకు ముందు తగిలించు “కుంటి” మాట మాత్రము మన వీధులను విడువలేదు. దివ్యాంగులను నలుగురిలో బుద్ధిపూర్వకముగా అవమానించుటను 2016 నాటి చట్టము నేరముగా నెంచినది. చట్టము వీధిని కాపాడగలదు. మంచముప్రక్క మాటలకు కాపలా మనమే. పరామర్శకు పోవువారు తమ నిట్టూర్పులను చెప్పులతోపాటు గడపవెలుపల విడిచి పోవుదురుగాక!