బతికి బయటపడ్డవాళ్ల మాటలు

ఈ నెల పాఠకులకు ఒక్క పుస్తకం చెప్పమంటే, జాంబీల నవల చెబుతాను. మాక్స్ బ్రూక్స్ 2006లో రాసిన ‘వరల్డ్ వార్ జెడ్’. ఇందులో కథానాయకుడంటూ ఎవరూ లేరు. చచ్చినవాళ్లతో యుద్ధం ముగిశాక ఒకాయన దేశదేశాలు తిరిగి, బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడించి రాసుకున్న వాంగ్మూలాలే నవలంతా. రెండో ప్రపంచ యుద్ధంపై మామూలు మనుషుల జ్ఞాపకాలను స్టడ్స్ టెర్కెల్ ‘ది గుడ్ వార్’లో గుదిగుచ్చిన పద్ధతి బ్రూక్స్‌కు ప్రేరణ. అందుకేనేమో, శవాలు లేచి నడిచాయన్నా నమ్మేస్తాం.

గుజరాత్ తీరంలో అలంగ్ ఉంది కదా, పాత ఓడలను విప్పి తుక్కు చేసే చోటు. నవలలో ప్రాణాలు దక్కించుకోవాలని జనం అక్కడికి ఎగబడతారు. విప్పడానికి తెచ్చిన ఓడల్లో సముద్రం మీదికి వెళ్లగలిగేవెన్ని? అయినా ఈదుతూనే ఉంటారు. ఆ నాలుగు పేజీలు చదివి చూడండి, ఊపిరి ఆడదు.

నాగసాకి బాంబుకు చూపు పోయిన జపాన్ తోటమాలి ఒకడున్నాడు. పార పట్టుకుని కొండల్లో ఒంటరిగా నిలబడతాడు. నాకు అందరికన్నా ఇష్టుడు అతనే.

2013లో బ్రాడ్ పిట్ సినిమా చూసేశాం కదా అని పక్కన పెట్టకండి. పేరు తప్ప రెండింటికీ పెద్దగా పోలిక లేదు. ఒక్క బిగిన ముగించనక్కర్లేదు, రోజుకు రెండు మూడు వాంగ్మూలాలు చదివినా చాలు.