మబ్బులో నీళ్లు, ముంతలో నీళ్లు

బి.ఇడి. చదివిన పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ. పక్క ఊరి ప్రైవేటు పాఠశాల వారో, ప్రభుత్వ కార్యాలయాలకు మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ వారో "వచ్చి చేరండి" అంటున్నారు. జీతం ఎంతో గట్టిగా చెప్పరు. ఎన్నాళ్లు ఉంచుతారో అసలే చెప్పరు. "తొందరెందుకు? మళ్లీ డి.యస్.సి. పడుతుందిగా" అని స్నేహితులు వెనక్కి లాగుతున్నారు. చేరాలా, ఆగాలా?

మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకోవద్దని పెద్దల మాట. ముంతకు చిల్లి ఉందేమో చూసుకోవడం కూడా అవసరమే.

ముందు మబ్బు సంగతి చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబరులో డి.యస్.సి. ప్రకటన వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు మరొకటి వచ్చి రద్దయింది. చివరకు 16,347 పోస్టుల ప్రకటన 2025 ఏప్రిల్ 20న వెలువడింది. అంటే మధ్యలో ఆరున్నరేళ్లు గడిచాయి. పోటీపడినవారు మూడు లక్షల పైచిలుకు. ఒక్కో పోస్టుకు సుమారు ఇరవై మంది! 1998 డి.యస్.సి.లో అర్హత పొంది ఉద్యోగం రాని వారి సంగతి మరీ దారుణం. వారికి ప్రభుత్వ ఆమోదం లభించింది 2022లో. వేల మందికి ఒప్పంద పద్ధతిపై ఉద్యోగాలు ఇచ్చేనాటికి పలువురు పదవీ విరమణ వయసుకు చేరువయ్యారు.

చేతికొచ్చిన కొలువుకు భరోసా లేదని వంక పెట్టేవారు, రాబోయే కొలువుకూ భరోసా లేదన్న సంగతి మరువరాదు. రెంటినీ ఒకే తక్కెడలో తూచాలి. ఖాళీగా గడిచిన ప్రతి ఏడాదీ కోచింగు ఫీజు, హాస్టలు ఖర్చు రూపంలో తండ్రి అప్పుకు వడ్డీ పెంచుతూనే ఉంటుంది.

అలాగని పిలిచిన ప్రతివాని వెంటా వెళ్లనక్కరలేదు. చేరే ముందు నాలుగు విషయాలు అడగాలి. జీతం ఎంత, ఏ తేదీన ఇస్తారు? నియామక పత్రం ఇస్తారా? భవిష్యనిధి కడతారా? ఇరవై మందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థ అది కట్టి తీరాలి. ఉద్యోగి వాటా నూటికి 12 అయితే యజమాని వాటా కూడా అంతే. ఇక ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే అట్టిపెట్టుకుంటామంటారా? అలా అంటే ఆ గుమ్మం తొక్కకపోవడమే మేలు. రేపు ప్రభుత్వోద్యోగం వస్తే పరిశీలనకు ముందుగా కావలసినవి అవే. డిపాజిట్టు పేరుతో డబ్బు అడిగేవారి విషయంలో ఆలోచించే పనే లేదు, దండం పెట్టి వచ్చేయాలి.

ఉద్యోగంలో చేరితే చదువు అటకెక్కుతుందనే భయం కొట్టిపారేయదగింది కాదు. పొద్దుటి నుంచి సాయంత్రం వరకు పాఠాలు, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరుగుడు. ప్రకటన వచ్చాక మానేసి చదువుకోవచ్చులే అనుకుంటే కుదరదు. 2025లో ప్రకటనకు, జూన్ 6న మొదలైన పరీక్షలకు మధ్య దొరికింది నెలన్నరే. అందుచేత కొలువులో ఉన్నా రోజుకు రెండు గంటలు పుస్తకానికి కేటాయించాలి. ఇన్నేళ్ల వరకే ప్రయత్నం అని ఇంట్లో అందరూ కూర్చుని ముందే ఒక గడువు పెట్టుకోవాలి. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎదురుచూపులు సాగితే "ఇక చదివింది చాలు, పెళ్లి చేసేద్దాం" అనే మాట వారికే ముందు వినిపిస్తుంది.

ఖాళీలు ఎన్ని, పరీక్ష ఎప్పుడు అనేది ఏటా తేదీతో సహా ప్రకటించి, ఆ మాటకు కట్టుబడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. వాన ఎప్పుడో తెలిస్తే రైతు విత్తనం సిద్ధం చేసుకుంటాడు. తెలియనప్పుడు ముంతలో ఉన్న నీటితోనే నారు బతికించుకుంటాడు. నిరుద్యోగులు కూడా అంతవరకు చేయవలసింది అదే.