ఇంటిలో దాగిన విషం

క్రిమిసంహారక మందు అనగానే మనకు పొలమే గుర్తుకు వస్తుంది. కాని హైటెక్ సిటీ చుట్టూ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో వెలసిన బహుళ అంతస్తుల నివాసాలను గురించి కూడా ఆలోచించవలసి ఉన్నదని నా అభిప్రాయం. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి అక్కడ ఇండ్లు పెరిగాయి. తలుపులు మూసి ఏ.సి. వేసుకొనే అలవాటూ పెరిగింది.

చెదల నివారణకై పునాదులలో పోసే క్లోర్‌పైరిఫాస్, బొద్దింకలకు చల్లే మందు, రాత్రంతా పనిచేసే దోమల మందు, కూరగాయల మీది అవశేషాలు, చెప్పులకంటిన మట్టి, ఇవన్నీ ఆ విషం వచ్చే దారులే. పొలంలోనైతే ఎండ, వాన, నేలలోని సూక్ష్మజీవులు మందును క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. ఇంటిలో ఆ అవకాశం తక్కువ. మందు ధూళిలో చేరి చాలకాలం నిలుస్తుంది. నేలపై పాకుతూ చేతులు నోట పెట్టుకొనే పసిబిడ్డకే ప్రమాదం ఎక్కువ. పిల్లల క్షేమం దృష్ట్యానే అమెరికా 2000లో క్లోర్‌పైరిఫాస్ గృహవినియోగాన్ని చాలావరకు నిలిపివేయ నిర్ణయించింది. మన దేశం డైక్లోర్వాస్‌ను 2020 చివరికి పూర్తిగా నిషేధించింది.

ఆయుర్వేదం నిదాన పరివర్జనాన్ని, అనగా వ్యాధికారణాన్ని తొలగించడాన్ని, తొలి చికిత్సగా చెప్పింది. వేపాకు పొగ కూడా పొగయే; మూసిన గదిలో అది పరిష్కారం కాదు. కిటికీలకు జాలీలు బిగించడం, నేలను తడిగుడ్డతో తుడవడం, చెప్పులు వాకిటనే విడవడం, వంటింటిలో తడి, ఎంగిలి నిలువకుండా చూడడం, కూరగాయలను పారే నీటిలో కడగడం మేలు.

ఏ మందు, ఎప్పుడు, ఎక్కడ వాడారో వ్రాసి ఇవ్వవలసిన బాధ్యత నిర్మాణదారులది, అపార్టుమెంటు సంఘాలది. అడిగి తెలుసుకొనే హక్కు మనది.