యంత్రమునకు రంగులు తెలియునా?

ఇటీవల పాఠశాలల విజ్ఞాన ప్రదర్శనములలో రంగులను గుర్తించు యంత్రములు విరివిగాఁ గానవచ్చుచున్నవి. పండిన టమాటాను పచ్చికాయనుండి వేఱుచేయునది యొకటి. రంగు బిళ్ళలను ఏఱి వేర్వేఱు పెట్టెలలో వేయునది మఱియొకటి. వీనిని నిర్మించు విద్యార్థుల యుత్సాహము మెచ్చఁదగినదే. కాని పెక్కుమంది యంత్రమును గట్టుచున్నారే గాని దానికిఁ గొలత నేర్పుటలేదు. ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును అందలి యంకెలతోఁగూడ నకలు చేసికొని పని ముగిసినదని తలంచుచున్నారు. ఇది తగదని నా యభిప్రాయము.

ముందుగా ఆ యంత్రము చేయు పని యేమో విచారింతము. మనవారు సాధారణముగా వాడునది టీ.సీ.ఎస్. 3200 అను కలర్ సెన్సారు. అందు వెలుతురును విద్యుత్తుగా మార్చు ఫోటోడయోడులు వరుసకు 8 చొప్పున 8 వరుసలలో 64 కలవు. వానిలో 16 ఎఱుపు వడపోతను, 16 ఆకుపచ్చ వడపోతను, 16 నీలపు వడపోతను ధరించియుండును. మిగిలిన 16 టికి వడపోత లేదు. వెలుతురు హెచ్చినకొలఁది సెన్సారు త్వరత్వరగా పల్సులను బంపును. ఆర్డుయినో వంటి మైక్రోకంట్రోలరు బోర్డు వానిని గొలిచి సంఖ్యలుగాఁ జెప్పును. అంతియే! యంత్రమునకుఁ దెలిసినది వెలుతురు పరిమాణము మాత్రమే. ఆ సంఖ్యలకు ఎఱుపు, పచ్చ యని పేరు పెట్టువారము మనము.

కావున ఒకని గదిలో సరియైన సంఖ్య మఱియొకని గదిలో సరికాదు. వస్తువు కొంచెము దూరమైనచో సంఖ్య మాఱును. కిటికీనుండి యెండ పడినను మాఱును. ఎండలోను, పాత తీగ బల్బుల కాంతిలోను మన కంటికిఁ గానరాని పరారుణ కిరణములు మెండు. ఈ సెన్సారు వడపోతలు వానిని బూర్తిగా నాపఁజాలవు. ఇంకొక చిక్కు కలదు. పల్సు యొక్క నిడివిని గొలుచు ప్రోగ్రాములలో వెలుతురు హెచ్చిన సంఖ్య తగ్గును. ఇది యెఱుఁగనివాఁడు ఎక్కువను తక్కువగాఁ జదువును.

కానరాని కిరణములచే మోసపోవుట క్రొత్త కాదు. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ లండనులో ఒక రంగుల రిబ్బనును మూఁడు వడపోతలగుండఁ దీయించిన ఛాయాచిత్రములను తెరపైఁ గలిపి రంగులను జూపెను. ఆనాఁటి ఫోటో పలకలకు ఎఱుపు సోఁకదు. ఎఱుపు వడపోతగుండ వచ్చి పలకపైఁ బడినది అతినీలలోహిత కిరణమని నూఱేండ్ల పిమ్మట, 1961లో, తేలినది. అంతటివాని ప్రయోగమే యిట్లుండఁగా మన పరికరమును శోధింపక నమ్మవచ్చునా?

నివారణ సులభము. సెన్సారు చుట్టును నల్లని అట్ట గొట్టమును దొడిగి బయటి వెలుతురును అడ్డవలెను. వస్తువును ఎల్లప్పుడు ఒక్కటే దూరమున నుంచవలెను. మొదట నల్ల కాగితమును, పిదప తెల్ల కాగితమును బెట్టి, ఒక్కొక్క వడపోతకు వచ్చిన సంఖ్యలను నోటుపుస్తకమున వ్రాసికొనవలెను. నలుపును 0 గాను, తెలుపును 255 గాను నెంచి, తక్కిన సంఖ్యలను ఆ నడుమ సరిపఱుపవలెను. చోటు మాఱినప్పుడెల్ల మరల కొలువవలెను. దీనికిఁ బట్టు కాలము పావుగంట. వ్యయము రెండు కాగితములు.

ఇది యాటవస్తువే గదా, ఇంత శ్రమ యేల యని కొంద ఱందురు. కాని ఎఱుపు పచ్చల భేదము కంటికిఁ దోఁపని సహాధ్యాయు లుందురు. అట్టివాఁడు ఈ పరికరమును జేతఁబట్టుకొని, ఏ రంగు తీఁగను ఎచ్చటఁ గలుపవలెనో, లిట్మసు కాగితము ఎఱ్ఱనైనదో లేదో తెలిసికొనఁగోరును. వాఁడు తన కన్నులకు బదులుగా మన యంకెలను నమ్మును. వానికి ఎరువు తెచ్చిన యంకెలను జూపుట న్యాయమా?

త్రాసు పట్టు వర్తకుఁడు సరకు వేయకముందే ముల్లు నడుమ నిలిచినదో లేదో చూచుకొనును. విద్యార్థులారా! మీరును యంత్రమును రంగు లడుగుటకు ముందు దానికిఁ దెలుపు నలుపులను జూపుఁడు. స్వయముగాఁ గొలిచిన సంఖ్య యొక్కటి, నకలు చేసిన పుటలకంటె మేలు.