పట్టాకు ముందు నాలుగు ప్రశ్నలు

వేదాంత ప్రకరణాల ఆరంభంలో అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం సంప్రదాయం. అధికారి ఎవరు, విషయమేమి, సంబంధమేమి, ప్రయోజనమేమి అన్న ఈ నాలుగూ తేలనిదే శాస్త్రంలో ప్రవృత్తి కలుగరాదని పూర్వాచార్యుల అభిప్రాయం. ఒక చిన్న గ్రంథశ్రవణానికే ఇంతటి విచారాన్ని విధించిన సంప్రదాయానికి వారసులమని చెప్పుకొనేవారు, సంతానం యొక్క నాలుగేండ్ల యౌవనాన్ని ఇంజనీరింగు కళాశాలకు సమర్పించేటప్పుడు ఒక్క ప్రశ్నయినా వేయరు. ర్యాంకు వచ్చింది, సీటు దొరికింది, ఎదురింటి పిల్లవాడు చేరాడు. ఇంతే హేతువు! దీని పేరు విద్యాకాంక్ష కాదు, గతానుగతికత్వం.

శంషాబాదు విమానాశ్రయమే ఇందుకు చక్కని దృష్టాంతం. 2008 మార్చిలో ఆరంభమైన ఆ ప్రాంగణంలో విద్యకూ వృత్తికీ గల సంబంధం ఏకరూపంగా లేదు. విమానాల రాకపోకలను నియంత్రించే అధికారి పదవికి భౌతిక, గణిత శాస్త్రాలతో కూడిన డిగ్రీ గాని, ఇంజనీరింగు పట్టా గాని ఆవశ్యకం. మరమ్మతు ముగిసిన విమానం ఎగురుటకు యోగ్యమని సంతకం చేయడానికి మాత్రం బీటెక్ పట్టా ఒక్కటే చాలదు. డీజీసీఏ లైసెన్సు కావాలి. ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి, ఆమోదిత శిక్షణ పొంది, పరీక్షల్లో నెగ్గి, పనిలో అనుభవం గడించినవారికి అది లభిస్తుంది. ఐటీఐ ముగించిన ఫిట్టరుకు, ఎలక్ట్రీషియనుకు 1961 నాటి అప్రెంటిస్ చట్టం స్టైపెండుతో కూడిన శిక్షణామార్గాన్ని ఏర్పరచింది. కనుక "కళాశాల మంచిదా, చెడ్డదా" అన్న ప్రశ్నయే అసంగతం. ఎవరికి, దేనికి అన్నదే ప్రశ్న.

ఇక్కడ పూర్వపక్షం బలమైనదే. తరతరాలుగా అక్షరానికి దూరమైన కుటుంబంలోని బాలికకు కళాశాల కేవలం ఉద్యోగసాధనం కాదు, స్వాతంత్ర్యద్వారం. "చదువు వ్యర్థం" అని ఉపదేశించేవారు తమ బిడ్డలను మాత్రం చదివిస్తూనే ఉంటారు. ఈ ఆక్షేపం న్యాయమైనది. అపరావిద్య అని లౌకిక విద్యను తృణీకరించే కపట వైరాగ్యానికి శాస్త్రసమ్మతి లేదు. ముండకోపనిషత్తు పరాపర విద్యలు రెండూ తెలియదగినవే అన్నది. అయితే ఆ ఆక్షేపం సిద్ధపరచేది బాలిక ఎంపికకు గల విలువనే గాని, ఎంపిక లేని ప్రవాహాన్ని కాదు.

అసలు దోషం మరొకచోట ఉన్నది. విమానాశ్రయానికి సమీపంలోని ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల సమతామూర్తికి నమస్కరించి వచ్చినవారే, ఐటీఐ చదివిన యువకుణ్ణి అల్లునిగా అంగీకరించడానికి సంకోచిస్తారు. మహాభారతంలో తపస్వి యైన కౌశికుడు ధర్మం తెలుసుకొనడానికి మిథిలలోని మాంసవిక్రేత వద్దకు వెళ్ళాడు. ఆ ధర్మవ్యాధోపాఖ్యానాన్ని పురాణశ్రవణంలో విని తలలూపడం సులభం. పనిముట్టు పట్టిన చేతిని గౌరవించడమే కఠినం. ఈ అవమానభయమే ఎందరో యువకులను రుచిలేని చదువులోకి, తల్లిదండ్రులను తీరని ఋణంలోకి నెడుతున్నది.

కౌన్సెలింగుకు ముందు ప్రతి గృహంలోనూ ఆ నాలుగు ప్రశ్నలు వేయబడాలి. సమాధానం చెప్పవలసినది బంధువులు కాదు, చదువబోయే బిడ్డ. ఆ సమాధానం కళాశాల అయితే శ్రద్ధతో పంపాలి. కర్మశాల అయితే అంతే శ్రద్ధతో, అంతే గర్వంతో పంపాలి.