వారంటీ హామీ, కూలి పద్దు

క్రొత్త లారీ కొనునపుడు షోరూములో వినవచ్చు మాటలలో మిక్కిలి తీయనిది వారంటీ యను మాట. ఇన్ని సంవత్సరములు, లేదా ఇన్ని కిలోమీటర్లు, అంతవరకు బండి భారము కంపెనీదే యని చెప్పుదురు. కొనువాడు నమ్మి, ఫైనాన్సు కాగితములపై సంతకములు చేసి, బండిని ఇంటికి దెచ్చి కొబ్బరికాయ కొట్టును. ఆ హామీ విలువ యెంతయో బండి ఆగిననాడు గాని తెలియదు.

రేపల్లె ప్రాంతపు లారీ యజమాని యొకరు తమ యనుభవమును మాకు తెలియజేసిరి. వారు తమ లారీని తామే నడుపుకొని జీవించువారు. రొయ్యల లోడుతో పోవుచుండగా ఇంజను బలము తగ్గి బండి నిలిచినది. సరుకును అద్దె బండికి మార్చి, లారీని లాగించుకొని దూరమున నున్న డీలరు షెడ్డునకు జేర్చిరి. వారంటీ గడువు తీరలేదు. లోపము డీజిలు పంపులో నున్నదని తేల్చి, క్రొత్త పంపును ఉచితముగనే వేసిరి. కాని బండి తీసికొనబోయిన దినమున అయిదంకెల బిల్లు చేతికిచ్చిరి. స్కానరు పెట్టి చూచినందులకు, ట్యాంకు దింపి కడిగినందులకు, పంపు విప్పి బిగించినందులకు కూలి; ఆ కూలిపై 18 శాతము జి.ఎస్.టి. వారంటీ సామానుకే గాని పనికి గాదను మాటను వారు మొదటిసారి వినినది ఆ దినముననే. సొమ్ము చెల్లింపనిదే బండి కదలదు. బండి కదలనిదే వాయిదా కట్టుటకు దారి లేదు. చెల్లించి వచ్చిరి.

ఇది యొక్కరి కష్టమని త్రోసివేయుటకు వీలులేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల వ్యాపారము చాలవరకు లారీ చక్రములపైననే నడుచుచున్నది. డెల్టా ధాన్యము మిల్లులకు, దుగ్గిరాల పసుపు దూరపు బజారులకు, నిజాంపట్నము తీరపు చేపలు, రొయ్యలు ఐసు కరుగక మునుపే ఎగుమతిదారులకు చేరవలెను. లారీ నాలుగు దినములు షెడ్డులో నున్నచో నష్టము యజమానితో నాగదు. కల్లములోని రైతును, చెరువుగట్టు మీది రైతును గూడ తాకును.

ఒకప్పుడు షెడ్డువారి ధర నచ్చకున్న విజయవాడ ఆటోనగరునకో, ఊరి మేస్త్రీ కడకో పోవుటకు వీలుండెడిది. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.6 ప్రమాణములు వచ్చిన పిమ్మట క్రొత్త డీజిలు ఇంజను సెన్సార్లతోను, కంప్యూటరుతోను, పొగను శుద్ధిచేయు పరికరములతోను నిండినది. పొగ తగ్గుట లోకమునకు మేలే. కాని లోపమును కనిపెట్టుటకు తరచు కంపెనీ పరికరమే దిక్కగుచున్నది. ఇతరులు చేయి పెట్టిన వారంటీ పోవునను భయము వేరొకటి. గత్యంతరము లేనివాని యెదుట ధర యేల తగ్గును? విడిభాగములను, పరీక్షా పరికరములను బయటి మెకానిక్కులకు దక్కనీయలేదని 2014 ఆగస్టులో భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలపై రూ.2,500 కోట్లకు మించిన జరిమానా విధించినది. దానిపై అప్పీళ్లు నడిచినను, రోగము ఉన్నదను మాట మాత్రము స్పష్టపడినది.

డీలరు పక్షమును గూడ వినవలసియున్నది. వారంటీ పనికి కంపెనీలు సామాన్యముగా ముందే నిర్ణయించిన గంటల లెక్కననే కూలి చెల్లించును. పని అంతకు మించినచో ఆ తరుగు డీలరుపై పడును. కల్తీ డీజిలు వలన పంపు చెడినచో అది తయారీ లోపము గాదనుటయు న్యాయమే. అయినను, లోపము కంపెనీదని యొప్పుకొని సామాను ఉచితముగ నిచ్చిన పిమ్మట, దానిని బిగించు కూలిని కొనుగోలుదారుపై మోపుట యెట్లు పొసగును? విప్పి బిగింపక సామాను దానంతటదియే ఇంజనులో చేరదు గదా! తరుగున్నచో డీలరు అడుగవలసినది కంపెనీని; దారిలో చిక్కినవానిని గాదు.

చట్టము మన పక్షమున లేకపోలేదు. వ్యాపారార్థము కొన్నవాడు వినియోగదారుడు గాడని కొందరు బెదరింతురు. తన జీవనోపాధికై లారీ కొని తానే నడుపుకొనువాడు వినియోగదారుడే యని సుప్రీంకోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో లారీనే ఉదాహరణముగ జూపి చెప్పినది. 2020 జూలైలో అమలునకు వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, వారంటీ గూర్చి భ్రమింపజేయు వాగ్దానమును, బిల్లు ఇయ్యకుండుటను అన్యాయ వ్యాపార పద్ధతులలో జేర్చినది. డీలరున్న నగరమునకు పరుగెత్తనక్కఱలేదు; తాను నివసించు ప్రాంతపు కమిషన్‌లోనే రెండేండ్లలోపున ఫిర్యాదు చేయవచ్చును. ముందుగా 1915 నంబరునకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

అయితే కోర్టు తలుపు తట్టుటకన్న తగవు పుట్టకుండ జూచుకొనుట మేలు. కొనునాడే పూచీ సామానుకు మాత్రమేనా, పనికి గూడనా, పరీక్షకు, లాగుకొని వచ్చుటకు వర్తించునా యని యడిగి వ్రాతమూలముగ గైకొనవలెను. షెడ్డులో ఇంజనుపై చేయి వేయకమునుపే జాబ్ కార్డుపై ఖర్చు అంచనా వ్రాయించి సంతకము చేయవలెను. అందులో లేని పద్దును ఒప్పుకొనరాదు. సర్వీసు రసీదులు, డీజిలు బిల్లులు భద్రపరచవలెను. మూడు పట్టణముల లారీ యజమానులు తమ బిల్లులను ఒకచోట జేర్చి పోల్చి చూచుకొన్నచో, ఏ పనికి ఎవరెంత గుంజుచున్నారో తేటపడును. ఒక్కని మొర వినని కంపెనీ నూరుగురి లెక్కను త్రోసిపుచ్చజాలదు.

ప్రభుత్వము చేయవలసినదియు కలదు. వారంటీ వర్తించు పనులును, వర్తింపని పనుల కూలి రేట్లును తెలుగులో నొక్క పుటలో అచ్చువేసి, అమ్మకమునాడే చేతికిచ్చి, షెడ్డు గోడపై అంటింపవలెనని నిర్బంధింపవలెను. ఇందుకు కంపెనీలకు కాగితపు ఖర్చు తప్ప నష్టము లేదు. చెప్పి పుచ్చుకొనిన కూలి వ్యాపారము. చెప్పక పుచ్చుకొనిన కూలి వంచన. ఈ భేదమును కంపెనీలు తామై గుర్తింపకున్న, గుర్తింపజేయుట కొనుగోలుదారుల విధి.